తుప్పు పట్టిన కారు కొనవచ్చునా?

ఇంగ్లండులో ఒక వింత వ్యాపకం ఉంది. నలభై యాభై ఏళ్ళు దాటిన స్పోర్ట్స్ కారును, అదీ తుప్పు పట్టి, టైర్లు పగిలి, సీట్ల దూదిలో ఎలుకలు కాపురం పెట్టినదాన్ని, డబ్బిచ్చి మరీ కొంటారు. ఇంటి పక్క షెడ్డులోకి తోసుకుపోయి మరలన్నీ విప్పుతారు. ఇక సెలవు రోజులన్నీ దానికే. కొందరికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది. మన ఊళ్ళో అలాంటి బండి కనబడితే పాత ఇనుము కొనేవాడిని కేకేస్తాం. అక్కడ దానికి బేరగాళ్ళు వరసలో ఉంటారు!

ఇది పిచ్చి అని కొట్టి పారేయకండి. ఇందులో తెలివైన కొనుగోలూ ఉంది, చేతులు కాల్చుకునే కొనుగోలూ ఉంది. ఆ రెండింటికీ తేడా తేల్చేది ఇంజను కాదు, రంగు కాదు, మీటరు చూపే మైళ్ళూ కాదు. తుప్పు ఎంత పట్టింది అన్నది కూడా కాదు, ఎక్కడ పట్టింది అన్నది. బానెట్ మీద ఎర్రగా, చూడడానికి అసహ్యంగా ఉన్న తుప్పు చాలాసార్లు గరుకు కాగితంతో పోయేదే. మిలమిల మెరిసే రంగు వెనక, చేయి దూరని పెట్టెలో, చీకట్లో పట్టిన తుప్పు మాత్రం ప్రాణాల మీదికి తేగలదు. ఎందుకో తెలియాలంటే కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం రసాయనశాస్త్రం కావాలి. రెండూ మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే.

ఉదాహరణకు ఒక కారును తీసుకుందాం. దాని పేరు ఎం.జి.బి. ఎం.జి. అంటే మోరిస్ గ్యారేజెస్. అది ఆక్స్‌ఫర్డు పట్టణంలో విలియం మోరిస్ అనే పారిశ్రామికుడి కార్ల దుకాణం. 1920లలో ఆ దుకాణం మేనేజరు సెసిల్ కింబర్ మామూలు మోరిస్ కార్లకు కొత్త బాడీలు తొడిగి, హుషారుగా పరుగెత్తే బండ్లుగా మార్చి అమ్మడంతో ఈ పేరు పుట్టింది. 2019 నుంచి మన రోడ్ల మీద కనబడుతున్న ఎం.జి. కార్లకు ఉన్నది ఆ పేరే. కాకపోతే ఆ పేరు మీద హక్కు ఇప్పుడు చైనా కంపెనీది.

ఎం.జి.బి. తయారీ 1962లో ఆక్స్‌ఫర్డుకు దగ్గరలోని ఆబింగ్డన్‌లో మొదలై 1980లో ఆగిపోయింది. ఆ పద్దెనిమిదేళ్ళలో, పైకప్పు ఉన్నవీ లేనివీ కలిపి, అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఎక్కువ భాగం ఓడలెక్కి అమెరికా వెళ్ళాయి. నాలుగు సిలిండర్ల ఇంజను, 1798 ఘన సెంటీమీటర్లు, వేగం గంటకు 100 మైళ్ళ పైమాట. ఈ ఇంజనుకు మనతో చుట్టరికం కూడా ఉంది. 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ కారు మీకు తెలుసు కదా! దానిలో చాలాకాలం వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను కూడా ఈ బి-సిరీస్ వంశానిదే. ఒక విధంగా రెండూ అన్నదమ్ముల బిడ్డలన్నమాట.

ఇంజను పాడైతే కంగారు పడనక్కరలేదు. దాన్ని విప్పి బయట పెట్టవచ్చు, అరిగిన భాగం మార్చవచ్చు. ఎం.జి.బి.కి విడిభాగాలు నేటికీ దొరుకుతాయి. అందుకే పాత కార్లలో అనుభవమున్నవాళ్ళు మొదట చెప్పే మాట ఇంజను చూసి కాదు, బాడీ చూసి కొనమని.

ఎముకలు లేని కారు

బాడీకి అంత ప్రాముఖ్యం ఎందుకు? విజయవాడ ఆటోనగర్ వైపు వెళ్ళినవారు ఒక దృశ్యం చూసే ఉంటారు. లారీ చక్రాల మీద రెండు పొడుగాటి ఉక్కు దూలాలు, ముందు ఇంజను, ఒక డ్రైవరు, అంతే! బాడీ లేకుండానే అది రోడ్డు మీద పరుగెత్తుకు వస్తుంది. ఆ దూలాల చట్రాన్ని చాసిస్ అంటారు. బరువు మోసేది అదే. మీద కట్టే బాడీ పెంకుటింటికి పెంకుల వంటిది. నాలుగు పెంకులు పగిలినా ఇల్లు కూలిపోదు. ఎం.జి.బి.కి ముందు వచ్చిన ఎం.జి.ఎ. కారుకు కూడా ఇలాంటి వేరు చాసిస్ ఉండేది.

ఎం.జి.బి.కి అది లేదు. ఒక మిల్లీమీటరుకు అటూ ఇటుగా మందం ఉన్న ఉక్కు రేకులను వంచి, మడిచి, ఒకదానికొకటి అతికి చేసిన డొల్లే ఆ కారు. ఆ డొల్లే చర్మం, ఆ డొల్లే ఎముక. ఇంత పలుచని రేకు అంత బరువు ఎలా మోస్తుంది? రెండు పుస్తకాల మధ్య వంతెనలా ఒక కాగితం పరవండి. దాని మీద పెన్సిలు పెట్టినా కుంగుతుంది. అదే కాగితాన్ని నాలుగు పలకల గొట్టంగా మడిచి అతికించి పెట్టండి. ఈసారి జామెట్రీ పెట్టె మోసినా ఆశ్చర్యం లేదు. కాగితం మారలేదు, ఆకారం మారింది.

ఎం.జి.బి.లో ఇలాంటి గొట్టాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి తలుపుల కింద, ముందు చక్రం వెనక నుంచి వెనక చక్రం దాకా, ఇరుపక్కలా పోయేవి రెండు. వీటిని సిల్ అంటారు. మనం కారెక్కేటప్పుడు కాలు ఎత్తి దాటే గడప అదే. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, ఆ రెండింటి నడుమ నిలువుగా మరో రేకు, అడుగున మడతలు వేసిన పట్టీ ఒకటి. ఇన్నీ కలిసి ఒక మూసిన పెట్టె. పైకప్పు లేని కారులో ఈ గడపల పని ఇంకా పెద్దది. మూత ఉన్న అట్టపెట్టెను రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. తర్వాత మూత తీసి మెలిపెట్టండి. తేడా మీకే తెలుస్తుంది. మూత లేని కారు నడుము వంగకుండా పట్టి ఉంచే భారం చాలావరకు సిల్ మీదే పడుతుంది. అది పోతే, నడుము విరిగిన మంచంలా కారు మధ్యలో కుంగుతుంది.

తుప్పుకు అచ్చంగా నచ్చే చోటు కూడా అదే.

లోహం లోపల ఒక బ్యాటరీ

ఇనుము ఆక్సిజన్‌తో కలిస్తే తుప్పు అని చిన్న తరగతుల్లో చదువుకున్నాం. మూడు పరీక్ష నాళికల్లో మూడు మేకులు వేసి, ఒకదానిలో పొడి గాలి, ఒకదానిలో మరిగించి నూనెతో కప్పిన నీరు, ఒకదానిలో గాలీ నీరూ రెండూ ఉంచితే మూడోదే తుప్పు పట్టడం చూశాం. గాలి, నీరు రెండూ ఉండాలన్నమాట. అయితే లోపల జరిగేది ఉత్త కలయిక కాదు. అది ఒక విద్యుద్ఘటం పని.

తడి ఇనుము మీద ఒకచోట ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రానులను వదిలి, ఫెర్రస్ అయానుగా నీటిలోకి దిగుతుంది. ఆ ఎలక్ట్రానులు ఊరికే కూర్చోవు. లోహంలోనే ప్రయాణం చేసి ఆక్సిజన్ అందే మరోచోటికి చేరతాయి. అక్కడ ఆక్సిజన్, నీరు వాటిని అందుకొని హైడ్రాక్సిల్ అయానులుగా మారతాయి. ఈ అయానులు, ఆ అయానులు నీటిలో ఈదుకుంటూ వచ్చి కలుసుకుంటాయి. వాటికి ఇంకొంచెం ఆక్సిజన్ తగిలితే మనం చూసే ఎర్రటి తుప్పు తయారవుతుంది. అంటే ఇనుము కరిగేది ఒకచోట, ఆక్సిజన్ ఖర్చయ్యేది మరోచోట.

దీన్ని కంటితో చూడవచ్చు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఊలిక్ ఎవాన్స్ (1889-1980) అనే శాస్త్రజ్ఞుడు తన జీవితమంతా తుప్పును చదివాడు. లోహక్షయ శాస్త్రానికి తండ్రి అని ఆయనకు పేరు. ఆయన చేసిన ఉప్పునీటి చుక్క ప్రయోగం మీ ప్రయోగశాలలో కూడా చేయవచ్చు. బాగా రుద్ది శుభ్రం చేసిన ఇనుప రేకు మీద ఒక చుక్క ఉప్పునీరు వేయాలి. ఆ నీటిలో ముందే కాస్త ఫినాఫ్తలీన్, కాస్త పొటాసియం ఫెర్రిసయనైడు కలిపి ఉంచాలి. (మీ సైన్సు మాస్టారు పక్కన ఉండగానే చేయండి. ఫెర్రిసయనైడు దగ్గరికి ఆమ్లాన్ని రానివ్వకండి.) మొదట నీలం, గులాబి మచ్చలు కలగాపులగంగా పుడతాయి. కాసేపటికి అవి సర్దుకొని, చుక్క నడిమధ్య నీలంగా, అంచు చుట్టూ గులాబిగా నిలుస్తుంది. నీలం అంటే ఇనుము కరుగుతున్న చోటు. గులాబి అంటే హైడ్రాక్సిల్ అయానులు పుడుతున్న చోటు.

ఇప్పుడు కొంచెం ఆలోచించండి. చుక్క అంచు పలుచన, గాలి సులభంగా చొరబడుతుంది. నడుమ లోతు ఎక్కువ, గాలి అందదు. గాలి ఎక్కువ అందేచోట ఇనుము తినబడాలి కదా! కాని తినబడుతున్నది గాలి అందని నడిమి భాగం. ఆక్సిజన్ బాగా అందే అంచు కాథోడు అవుతుంది, అందని నడుము ఆనోడు అవుతుంది. తరిగిపోయేది ఎప్పుడూ ఆనోడే. ఈ ఒక్క సంగతి అర్థమైతే పాత కారును ఎలా చూడాలో సగం తెలిసినట్లే. నున్నగా, ఆరుబయట, గాలి తగిలే రేకు ఎక్కువ కాలం నిలుస్తుంది. బురద గడ్డకట్టిన మూల, రెండు రేకులు ఒకదానిపై ఒకటి వాలిన సందు, తడిసిన తివాచీ కింది నేల, ఇవి నీటిచుక్క నడిబొడ్డు వంటివి. తుప్పు మొదలయ్యేది అక్కడే. ఎం.జి.బి.లో ముందు చక్రాలు చిమ్మిన బురద మడ్‌గార్డు లోపలి అరుగు మీద పేరుకుని సంవత్సరాల తరబడి చెమ్మగా ఉంటుంది. అక్కడి నుంచి సిల్ పెట్టె కొస ఎంతో దూరం లేదు.

ఇక ఇంగ్లండు చలికాలం సంగతి. రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా అక్కడ రాతి ఉప్పు చల్లుతారు. చెషైర్ జిల్లా విన్స్‌ఫర్డ్‌లో దానికోసం పెద్ద ఉప్పు గని కూడా ఉంది. ఉప్పు కలిస్తే నీటి ఘనీభవన స్థానం పడిపోతుంది కనుక సున్నా డిగ్రీల దగ్గర రోడ్డు జారదు. మనుషులకు మేలు, కార్లకు కీడు! ఎందుకంటే ఇందాక చెప్పిన అయానులు అటూ ఇటూ ఈదడానికి మంచినీరు ఇరుకు దారి అయితే ఉప్పునీరు రాజబాట. విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డు ఇళ్ళ కిటికీ చువ్వలు ఎంత త్వరగా తుప్పు పడతాయో, అనంతపురంలో అవే చువ్వలు ఎంతకాలం నిలుస్తాయో రెండు ఊళ్ళూ ఎరిగినవారిని అడగండి. ఇంగ్లండు వాళ్ళు కూడా ఈ లెక్కే వేస్తారు. ఎప్పుడో అమెరికాకు ఎగుమతైన ఎం.జి.బి. కాలిఫోర్నియా వంటి పొడి ప్రాంతంలో ఉండిపోతే, రంగు వెలిసి, సీట్లు ఎండకు చీలిపోయి ఉన్నా, దాన్ని మళ్ళీ ఓడ ఎక్కించి తెచ్చుకుంటారు. రంగు వేయవచ్చు, సీటు కుట్టవచ్చు, రేకు మిగిలి ఉంది కదా!

ఒక చిన్న లెక్క కూడా చేద్దాం. 56 గ్రాముల ఇనుము తీసుకోండి. సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.87 గ్రాములు, కాబట్టి ఘనపరిమాణం 7 ఘన సెంటీమీటర్ల పైచిలుకు. ఇది తుప్పుగా మారితే రెండు ఆక్సిజన్ పరమాణువుల వంతు 32 గ్రాములు, ఒక హైడ్రోజన్ వంతు 1 గ్రాము చేరి 89 గ్రాములవుతుంది. ఈ తుప్పు సాంద్రత సుమారు 4. అంటే 22 ఘన సెంటీమీటర్లు. మూడు రెట్లు! రెండు రేకులు అతికిన సందులో తుప్పు పుడితే అది ఉబ్బి, రాతిలో దిగిన మేకులా రేకులను విడదీస్తుంది. విడిపోయిన సందులోకి ఇంకా నీరు పోతుంది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు లోహాన్ని అంటిపెట్టుకుని కాపు కాస్తుంది. ఇనుము మీద తుప్పు పొరలు పొరలుగా రాలిపోతూ, కొత్త లోహాన్ని గాలికీ నీటికీ అప్పగిస్తుంది.

పైన పటారం

ఇప్పుడు అసలు బేరానికి వద్దాం. తుప్పు పట్టిన కారును తుప్పు పట్టినట్టే చూపి అమ్మేవాడితో చిక్కు లేదు. చిక్కంతా అందంగా తయారుచేసి అమ్మేవాడితోనే. గోడల కంతలకు లప్పం పెట్టినట్టే కారు రేకుల కంతలకూ లప్పం ఉంది. పాలియెస్టర్ జిగురులో సుద్దలాంటి పొడి కలిపి, గట్టిపరిచే మందు చేరిస్తే నిమిషాల్లో వేడెక్కి రాయిలా బిగుస్తుంది. సొట్టలు సరిచేయడానికి అది మంచి పదార్థమే. కాని చిల్లులు పడిన సిల్‌కు లప్పం మెత్తి, రుద్ది, పైన రంగు కొడితే? చూపుకు సిల్ ఉంటుంది. బరువు మోయడానికి ఏమీ ఉండదు.

దీన్ని పట్టుకోవడానికి కావలసిన పరికరం మీ ఇంట్లోనే ఉంటుంది. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి (రంగు గీసుకుపోకుండా) రేకు వెంబడి నడిపించాలి. మంచి రేకు మీద పట్టు ఒకేలా ఉంటుంది. లప్పం మందంగా ఉన్నచోట పట్టు సడలుతుంది, ఇంకా మందమైతే అయస్కాంతం జారి కింద పడుతుంది. దూరం పెరిగేకొద్దీ అయస్కాంత బలం ఎంత త్వరగా తగ్గుతుందో మీకు తెలుసు. రెండు మూడు మిల్లీమీటర్ల లప్పం చాలు, తేడా వేళ్ళకు తెలిసిపోతుంది. పరీక్షలో మార్కులకే అనుకున్న పాఠం ఇక్కడ కొన్ని వేల రూపాయలు మిగులుస్తుంది!

తర్వాత వేలి కణుపుతో తట్టి వినాలి. కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్ళు చేసే పనే ఇది. గట్టి రేకు ఖంగుమంటుంది, లప్పం దబ్బుమంటుంది. తివాచీ ఎత్తి నేల చూడాలి. సీట్ల వెనక బ్యాటరీ ఉండే గూళ్ళు చూడాలి. తొలి ఎం.జి.బి.లలో 6 వోల్టుల బ్యాటరీలు రెండు అక్కడ ఉండేవి, వాటి నుంచి చిందిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఆ గూళ్ళను తినేసేది. కారు కిందికి దూరి, అమ్మేవారి అనుమతితో, మొద్దు స్క్రూడ్రైవరుతో సిల్ అడుగును నొక్కి చూడాలి. కరకరలాడితే లోపల రేకు లేదు, తుప్పే ఉంది.

అన్నిటికంటె నాకు నచ్చిన పరీక్ష తలుపు సందు. కారు నాలుగు చక్రాల మీద ఉండగా తలుపుకూ దాని వెనక అంచుకూ మధ్య సందు ఎంతుందో చూడండి. పైనా కిందా ఒకేలా ఉండాలి. ఇప్పుడు కారు పక్కన జాకీ పెట్టి మెల్లగా లేపండి. సందు మారకపోతే నడుము గట్టిదే. పైన సందు ఇరుకై, తలుపు తెరవబోతే పట్టేస్తే, సిల్ పని అయిపోయిందన్నమాట. మరీ చెడిపోయిన కారులో అంతదాకా కూడా రాదు. కారు లేవదు, జాకీయే సిల్ లోపలికి దిగబడుతుంది!

ఇందులో నవ్వులాట లేదు. సీటు బెల్టు బిగించే చోట్లు, వెనక స్ప్రింగుపట్టీల ముందు కొసలు బిగించే చోట్లు ఈ సిల్ పరిసరాల్లోనే ఉన్నాయి. ప్రమాదం జరిగిన క్షణంలో బెల్టు ఉండి లాభమేమిటి, అది పట్టుకున్న రేకు చిరిగి వస్తే? బ్రిటన్‌లో కార్లకు ఏటా జరిపే పరీక్షలో ఇలాంటి చోట్ల చుట్టూ 30 సెంటీమీటర్ల లోపు రేకు బలం పోయేంతగా తుప్పు తింటే కారును ఆపేస్తారు. అయితే 2018 నుంచి, నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదు. వాటిని కొనేవాడే పరీక్షాధికారి. ఈ సడలింపు నాకైతే అంతగా నచ్చలేదు. బెల్టు పట్టు సడలితే నష్టపోయేది నడిపేవాడు ఒక్కడే కాదు, పక్క సీటులో కూర్చున్నవారు కూడా.

పోయిన ఇనుము తిరిగి రాదు

సరే, బేరం కుదిరింది, కారు షెడ్డులోకి వచ్చింది. ఇక తుప్పు వదలగొట్టాలి. చిన్న విడిభాగాలకు ఒక చక్కని పద్ధతి ఉంది. చాకలి సోడా కలిపిన నీటిలో తుప్పు పట్టిన భాగాన్ని కాథోడుగా, ఒక పాత ఇనుప ముక్కను ఆనోడుగా వేలాడదీసి బ్యాటరీ ఛార్జరు కలుపుతారు. కాథోడు మీద హైడ్రోజన్ బుడగలు లేచి తుప్పును వదులు చేస్తాయి, కొంత తుప్పు క్షయకరణం చెంది నల్లటి ఆక్సైడుగా మారుతుంది. బ్రష్షుతో రుద్దితే పోతుంది. హైడ్రోజన్ అంటుకునే వాయువు కనుక ఇది ఆరుబయటే చేయాలి. ఆనోడుగా స్టెయిన్‌లెస్ స్టీలు పనికిరాదు, దానిలోని క్రోమియం విష లవణాలుగా నీటిలోకి దిగుతుంది.

రుద్దడానికి వీలులేని మూలలకు టానిక్ ఆమ్లం ఉన్న ద్రావకం పూస్తారు. ఎర్రటి తుప్పు చూస్తుండగానే నీలి నలుపుగా మారుతుంది. ఈ నలుపు మనకు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ రసంలో ముంచిన గుడ్డ మీద, పాత ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరబెట్టి తీసిన కషాయంతో గీతలు గీస్తారు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి నల్లటి గీత అవుతుంది. అన్నభేది, కరక్కాయలతో పూర్వం కాచిన సిరాలోనూ ఇదే సంగతి. కారు షెడ్డులోని సీసాలో ఉన్నది మన కరక్కాయకు దగ్గర చుట్టమే!

మరికొందరు ఫాస్ఫారిక్ ఆమ్లం వాడతారు. అది ఇనుము మీద ఫాస్ఫేటు పొరను మిగులుస్తుంది, రంగు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఢిల్లీలో సుమారు 1600 ఏళ్ళుగా నిలిచి ఉన్న ఇనుప స్తంభానికి కాపలా కాస్తున్నది కూడా ఫాస్ఫేటు పొరే అని కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యుడిగా ఉండిన బాలసుబ్రహ్మణ్యం పరిశోధనలు చెప్పాయి. ఆనాటి ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ.

అయితే ఈ మందులన్నీ రేకు మిగిలి ఉన్నచోటే పనికివస్తాయి. చిల్లు పడినచోట ఏ ఆమ్లమూ ఇనుమును తిరిగి తేలేదు. కోసి తీసేసి కొత్త రేకు అతకవలసిందే. ఇక్కడ తొందరపడినవాళ్ళు పెద్ద నష్టం తెచ్చుకుంటారు. తుప్పు పట్టినా సరే, సిల్ ఇంకా కొంత బరువు మోస్తూనే ఉంటుంది కదా! దాన్ని కోసి తీసిన మరుక్షణం బాడీ కుంగుతుంది. కుంగిన స్థితిలోనే కొత్త సిల్ అతికితే కారు ఎప్పటికీ వంకరే, తలుపు ఎప్పటికీ మూతపడదు. అందుకని కోతకు ముందు తలుపు సందుకు అడ్డంగా ఒక ఉక్కు గొట్టాన్ని తాత్కాలికంగా అతుకుతారు. విరిగిన ఎముకకు కట్టు కట్టే ముందు బద్దలు పెట్టినట్టు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకుంటారు.

ఫ్యాక్టరీలో ఈ రేకులను అతికింది మచ్చలు మచ్చలుగా. రెండు రాగి మొనల మధ్య రేకులను నొక్కిపట్టి క్షణకాలం బలమైన విద్యుత్తు పంపితే, మొనల నడుమ రేకులు కలిసిన చోట కరిగి ఒకటవుతాయి. పుట్టే ఉష్ణం విద్యుత్ప్రవాహపు వర్గానికీ, నిరోధానికీ, కాలానికీ అనులోమం అనే జౌల్ సూత్రమే ఇక్కడ పనిచేస్తున్నది. రాగి నిరోధం తక్కువ, ఉక్కు రేకులు కలిసే చోట ఎక్కువ. షెడ్డులో మరమ్మతు చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది సన్నని తీగ కరిగించే వెల్డింగు. వేడి లోహానికి గాలి తగలకుండా ఆర్గాన్, కార్బన్ డయాక్సైడు వాయువుల తెర దాని చుట్టూ వీస్తుంది. పలుచని రేకు కనుక ఒక బారున అతకరు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, చల్లారాక నడుమ మరో చుక్క. లేకపోతే వ్యాకోచించి అప్పడంలా వంకరలు పోతుంది. అతికే అంచులకు ముందే జింకు రంగు పూస్తారు. జింకు ఎలక్ట్రోడు పొటెన్షియల్ రుణ 0.76 వోల్టులు, ఇనుముది రుణ 0.44. ఎలక్ట్రానులు వదలవలసి వస్తే జింకే ముందు వదులుతుంది, తాను కరిగి ఇనుమును కాపాడుతుంది.

కోయగా కోయగా మిగిలేదేమీ లేకపోతే? దానికీ దారి ఉంది. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ, ఎం.జి.బి. రేకులను ఒత్తిన పాత అచ్చులను వెతికి పోగుచేసి, వాటితోనే సరికొత్త బాడీలు తయారుచేయడం మొదలుపెట్టింది. కారు ఉత్పత్తి ఆగిన ఎనిమిదేళ్ళ తర్వాత దాని బాడీ మళ్ళీ పుట్టిందన్నమాట! పాత ఇంజను, గేర్లు, చక్రాలు, సీట్లు తెచ్చి దానికి బిగిస్తే కారు సిద్ధం. అది పాత కారా, కొత్త కారా అని అభిమానులు వాదించుకుంటూనే ఉంటారు. పూరీ జగన్నాథుని రథాలను ఏటేటా కొత్త కలపతో కట్టినా అవి జగన్నాథుని రథాలే అని మనం అనుకోవడం లేదూ? నా ఓటు కొత్త బాడీకే. బెల్టు పట్టుకోవడానికి గట్టి రేకు ఉండడం ముఖ్యం. ఖర్చు మాత్రం తక్కువ కాదు. చాలాసార్లు మరమ్మతుకయ్యే మొత్తం, పూర్తయిన కారు ధరను మించిపోతుంది. చవకగా వచ్చిందని తుప్పు కారు కొన్నవాళ్ళు సగంలో వదిలేసి, విప్పిన ముక్కలను పెట్టెలకెత్తి అమ్ముకోవడం అక్కడ మామూలే.

బాగుపడిన కారును దాచడంలో కూడా మెలకువ ఉంది. వెర్నన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1920, 30 దశకాలలో ఒక సంగతి గమనించాడు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత ఒక హద్దు దాటేదాకా ఇనుము దాదాపు నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. 60 శాతం దాటాక మలినాలున్న గాలిలో తుప్పు ఒక్కసారిగా జోరందుకుంటుంది. అందుకే కారును ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పకూడదు, నేల చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. ఉప్పు రోడ్డు మీద తిరిగివచ్చిన తడి కారును మూసిన వెచ్చని గదిలో పెట్టడం ఇంకా చెడ్డది. చర్య వేగం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది కదా. గాలి ఆడే చల్లని కొట్టమే మేలు.

కొత్త సిల్ పెట్టెల్లోకి సన్నని గొట్టంతో పలుచని మైనం పిచికారీ చేస్తారు. అది సందుల్లోకి పాకి, నీటికి చోటు లేకుండా చేస్తుంది. తలుపుల అడుగు అంచున నీరు కారిపోవడానికి ఫ్యాక్టరీవాళ్ళే చిన్న రంధ్రాలు పెట్టారు. మైనంతోనో, రంగుతోనో, రాలిన ఆకులతోనో అవి మూసుకుపోతే తలుపు లోపల వాననీరు తొట్టిలా నిలుస్తుంది. జాగ్రత్త గలవాళ్ళు ఏటా చలికాలం రాకముందే కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ రంధ్రాలను ఒక్కొక్కటిగా పుల్లతో పొడిచి శుభ్రం చేసుకుంటారు.